ఏమీ పోలేదు... వెనక్కి రండి!

‘‘మేడమ్‌గారూ... మీ వీడియో చూశానండీ. చాలా బాగుంది. గొంతు కూడా స్పష్టంగా ఉంది. ఒక్కటే సందేహం... ఇంతకీ వార్త ఎలా పంపాలండీ?’’

ఫోన్లో ఆ మాట వినగానే నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే ఆ వీడియో మొత్తం ‘వార్త ఎలా పంపాలి’ అన్నదాని గురించే! ఒకటీ రెండూ కాదు, 42 నిమిషాలు. మూడు రాత్రులు కూర్చుని రికార్డు చేశాను. మొదట్లో సంగీతం, మధ్యలో తిరుగుతూ వచ్చే అక్షరాలు, చివర్లో ధన్యవాదాలు... అన్నీ పెట్టాను. పాఠం ఒక్కటే లేదన్నమాట.

ఆ సంగతి నాకు కాస్త ముందే తెలిస్తే బాగుండేది. అప్పటికే నేను చేయకూడని పని ఒకటి చేసేశాను. అదేంటో తర్వాత చెబుతాను.

బస్సు కవరు రోజులు

పొద్దున్నే కాఫీ తాగుతూ మీరు తిరగేసే జిల్లా పేజీల్లో ఫలానా ఊళ్లో చెరువుకు గండి పడిందనీ, ఫలానా బడికి ప్రహరీ లేదనీ చిన్న చిన్న వార్తలుంటాయి కదా! అవి రాసేది మాలాంటి ఆఫీసు ఉద్యోగులు కాదు. మండలానికొకరు చొప్పున ఉండే కంట్రిబ్యూటర్లు. వాళ్లకు జీతాలుండవు. అచ్చయిన వార్త ఎంతుంటే అంత... లైన్ అకౌంట్ అంటారు. ఆ డబ్బులతో ఇల్లు గడవదు కాబట్టి ఒకరికి ఎరువుల కొట్టు ఉంటుంది, ఇంకొకరికి ఎల్ఐసీ ఏజెన్సీ ఉంటుంది.

నేను చెప్పబోయే పెద్దాయన సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెబుతారు. అందుకే డెస్కులో అందరం ఆయన్ని ‘మాస్టారు’ అనే పిలుస్తాం. ఊరు కృష్ణా జిల్లా దివిసీమలో. 1977 నవంబరు ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకు పన్నెండేళ్లు. ‘ఆ రోజు మా ఊరి సంగతి బయటి ప్రపంచానికి చెప్పే మనిషి లేడమ్మా’ అంటారు. విలేకరి కావాలన్న కోరిక అక్కడ పుట్టిందట. 1989 నుంచి రాస్తున్నారు.

అప్పట్లో వార్త రాయడమంటే న్యూస్‌ప్రింట్ ముక్క మీద బాల్‌పెన్నుతో రాసి, కవర్లో పెట్టి, ఆర్టీసీ బస్టాండుకు పరుగెత్తడమే. సాయంత్రం బస్సు కండక్టరు చేతిలో కవరు పెడితే, అది విజయవాడలో దిగేది. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. ఆ తర్వాత ఫ్యాక్స్ వచ్చింది. ఆ తర్వాత డీటీపీ సెంటర్లు. మాస్టారు రాసిన కాగితాన్ని అక్కడి కుర్రాడు అను ఫాంట్లలో కొట్టి మెయిల్ చేసేవాడు. ఫోన్లొచ్చాక కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మొదలైంది. అప్పుడు ఇక్కడ డెస్కులో ఎవరో ఒకరు దాన్ని చూసి మళ్లీ టైపు చేయాలి.

2023 వేసవిలో మా ఆఫీసు దీనికి ఫుల్‌స్టాప్ పెట్టాలనుకుంది. కంట్రిబ్యూటర్లే ఫోన్లో యూనికోడ్ తెలుగులో టైపు చేసి, కొత్త యాప్ ద్వారా పంపాలి. నిజానికి అందులో తప్పు పట్టాల్సింది లేదు. పాత తెలుగు ఫాంట్లు ఓ రకంగా కనికట్టు లాంటివి. కంప్యూటర్ తన లోపల ఇంగ్లిష్ అక్షరమే దాచుకుంటుంది, దాని మీద ఫాంటు తెలుగు బొమ్మను కప్పుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచారా... పిచ్చిరాతలే. యూనికోడ్‌లో అలా కాదు. ‘క’కు ఓ సంఖ్య, ‘ఖ’కు ఓ సంఖ్య. 1991లో వచ్చిన మొదటి ప్రమాణంలోనే తెలుగుకు 128 గళ్ల చోటిచ్చారు. ఏ ఫోన్లో చూసినా ‘క’ అంటే ‘క’నే. వార్త పేపర్‌కూ వెళుతుంది, వెబ్‌సైట్‌కూ వెళుతుంది.

అంతా బాగానే ఉంది. నేర్పించేదెవరు?

‘‘నువ్వు జర్నలిజం డిప్లొమాలో వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నావు కదా. ఓ వీడియో చేసి గ్రూపులో పడెయ్’’ అన్నారు ఇన్‌ఛార్జి.

‘పడెయ్’ అన్న మాట నేను శ్రద్ధగా పాటించాను.

నీలం టిక్కులు

ఆ 42 నిమిషాల వీడియోను గ్రూపులో పెట్టగానే వరుసగా బొటనవేళ్లు, దండాలు. నీలం టిక్కులన్నీ పడ్డాయి. ‘సూపర్ మేడమ్’, ‘చక్కగా చెప్పారు’, ‘థాంక్యూ మేడమ్’. నేను మురిసిపోయాను. మర్నాడు సాయంత్రం ఆరు నుంచి మళ్లీ మామూలే... చేతిరాత కాగితాల ఫొటోలు వచ్చిపడ్డాయి. కొన్ని తలకిందులుగా కూడా!

రెండు వారాలు గడిచాయి. కుర్రాళ్లు అలవాటుపడ్డారు. ఇంకొంతమంది ఇంట్లో పిల్లల చేత టైపు చేయించి పంపుతున్నారు. ఇన్‌ఛార్జి నన్ను పిలిచి, ‘‘ఒకటో తారీకు నుంచి చేతిరాత తీసుకోం. ఇక నేర్చుకోలేరు అనుకున్నవాళ్ల పేర్లు రాసివ్వు. ఆ మండలాలకు వేరేవాళ్లను చూసుకోవాలి’’ అన్నారు.

పదకొండు పేర్లు రాసిచ్చాను. మొదటి పేరు మాస్టారిది.

నేను చేయకూడని పని అదే. రాసేటప్పుడు చేయి వణకలేదు. ‘58 ఏళ్లాయన, పాపం, ఆయనకెలా వస్తుంది’ అనుకున్నాను. జాలిపడుతున్నాననే అనుకున్నాను కూడా. ఆ రాత్రే ఆయన ఫోన్ చేసి, ‘ఇంతకీ వార్త ఎలా పంపాలండీ’ అని అడిగారు. నేర్చుకోలేని మనిషి అలా అడుగుతాడా?

ఆ వారం అవనిగడ్డలో మా బంధువుల పెళ్లి. పెళ్లి భోజనం కాగానే ఆటో ఎక్కి మాస్టారి ఊరికి వెళ్లాను.

వీధరుగు మీద పరీక్ష

ఆయన భార్య తాటిముంజలు పళ్లెంలో పెట్టి ఇచ్చారు. ‘‘రాత్రిళ్లు నిద్దరోటం లేదమ్మా. ఆ ఫోనుతోనే కుస్తీ. పదో తరగతి పరీక్షలకి కూడా ఇంత చదివుండరు’’ అన్నారు నవ్వుతూ. మాస్టారు ఓ నోటుబుక్కు తెచ్చారు. నా వీడియోలో నేనన్న ప్రతి మాటా అందులో రాసుకున్నారు. ఇరవై పేజీలు!

‘‘మీరు వీడియో చూస్తూ వార్త పంపండి మాస్టారూ. నేను మాట్లాడను, చూస్తుంటాను’’ అన్నాను. మాట్లాడకుండా కూర్చోవడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలీదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని ముంజలతో పాటు మింగాల్సి వచ్చింది.

వీడియో మొదలైంది. మూడో నిమిషంలో నా గొంతు ‘ఇప్పుడు యాప్ ఓపెన్ చేయండి’ అంది. మాస్టారు బుద్ధిగా యాప్ తెరిచారు. వీడియో మాయమైంది! ఉన్నది ఒకటే ఫోన్, ఒకటే తెర. తర్వాత ఏం చేయాలో తెలియాలంటే మళ్లీ వీడియోలోకి రావాలి. వచ్చారు. అది మళ్లీ మొదటికెళ్లింది. ‘అందరికీ నమస్కారం...’ అంటూ నేను. అలా ఆ మధ్యాహ్నం నా నమస్కారం నేనే తొమ్మిదిసార్లు విన్నాను. నేనైతే ఆ వీడియోను ఆఫీసులో పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని, పక్కన ఫోన్ పెట్టుకుని చేశాను. ఆయన దగ్గర ఆ ‘పక్కన’ లేదు.

నాలుగో నిమిషం. ‘టాప్ రైట్ కార్నర్‌లో ఉన్న హాంబర్గర్ ఐకాన్ ట్యాప్ చేయండి.’

మాస్టారు కళ్లజోడు సర్దుకుని నా వైపు చూశారు. ‘‘హాంబర్గరంటే తినేది కదూ? ఇందులో ఎక్కడుందమ్మాయ్?’’

ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలు. కంప్యూటర్ వాళ్లకు అది బన్నుముక్కల మధ్య కూరలా కనిపించింది కాబట్టి ఆ పేరు. మాస్టారు కాసేపు చూసి, ‘‘ఓ... విభూతి రేఖలా!’’ అన్నారు. ఆ క్షణం నుంచి ఆయనెప్పుడూ ఆ బటన్ కోసం వెతుక్కోలేదు.

తర్వాత ఇంకో తిరకాసు. కంప్యూటర్ పాఠాల్లో మౌస్ బాణం గుర్తు ఎటు వెళుతోందో కనిపిస్తుంది. ఫోన్ తెరను రికార్డు చేస్తే మన వేలు కనిపించదు. నా వీడియోలో ఎవరూ ముట్టుకోకుండానే తెరలు వాటంతటవే మారిపోతున్నాయి. ‘‘ఇదేదో దయ్యం పట్టినట్టుంది. నువ్వెక్కడ నొక్కుతున్నావో తెలీట్లేదు’’ అన్నారు.

‘‘పోనీ టైపింగ్ ఎందుకు మాస్టారూ, నోటితో చెబితే అదే రాస్తుంది కదా’’ అన్నాను. గూగుల్ 2017లోనే తెలుగుకు ఆ సౌకర్యం ఇచ్చింది. ఆయన గొంతు తగ్గించారు. ‘‘నిన్న ఎదురింట్లో దొంగతనం జరిగింది. ఎవరిమీద అనుమానమో కూడా చెప్పారు. అదంతా ఈ అరుగు మీద కూర్చుని గట్టిగా ఫోనుకి చెప్పమంటావా?’’

నా దగ్గర జవాబు లేదు. అలాంటి సంగతులు ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లకు తట్టవు.

అసలు దెబ్బ ఎక్కడంటే...

ఇవన్నీ చిన్నవే. సర్దుకోవచ్చు. అసలు విషయం సాయంత్రానికి బయటపడింది. టైపింగ్ ఆయనకు వచ్చు! ఒత్తులతో సహా. ‘క’ కొట్టి, పొల్లు పెట్టి, మళ్లీ ‘క’ కొడితే ‘క్క’ అవుతుందని సొంతంగా కనిపెట్టారు. మరి పంపడానికేం? ఆయన వేలు ప్రతి బటన్ దాకా వెళ్లి, గాల్లో ఆగిపోతోంది. నొక్కడం లేదు.

‘‘భయమేంటి మాస్టారూ?’’

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. యాప్ వచ్చిన మొదటి వారంలో ఓ లంక గ్రామానికి వెళ్లారట. బోరు నీళ్లు ఉప్పు, ట్యాంకరు పది రోజులుగా రాలేదు. ఇరవై మందితో మాట్లాడారు. ఇంటికొచ్చి గంటన్నర కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు. చివర్లో ఫొటో పెట్టబోయి ఏదో నొక్కారు. అంతే... మొత్తం ఎగిరిపోయింది. రాత్రి తొమ్మిదైంది. మళ్లీ కొట్టే ఓపిక లేదు.

‘‘పొద్దున్నే ఆ ఊరోళ్లు పేపర్ కొనుక్కుని చూశారు. ‘మాస్టారూ, మా నీళ్ల సంగతి రాలేదేం’ అని అడిగారు. ఏం చెప్పను? నా వేలు తప్పిందని చెప్పనా? వాళ్లు ఇంకేదో అనుకున్నారు. ఎవరో నా నోరు మూయించారనుకున్నారు. ముప్ఫై నాలుగేళ్లలో నన్నామాట అన్నవాళ్లు లేరమ్మాయ్.’’

నా 42 నిమిషాల్లో ‘తప్పు నొక్కితే ఏం చేయాలి’ అన్నదానికి ఒక్క నిమిషం కూడా లేదు. ఎందుకంటే రికార్డు చేసేటప్పుడు నేనెక్కడా తప్పు నొక్కలేదు. నొక్కిన చోట కత్తిరించేశాను. అందరూ అదే చేస్తారు. నేర్చుకునేవాడికి అన్నిటికన్నా అవసరమైన భాగాన్ని ఏరిమరీ తీసేసి, మిగిలిందాన్ని పాఠమంటాం!

నాకన్నా ముందు తడబడినవాళ్లు

హైదరాబాద్ వచ్చాక ఈ విద్యలో ఆరితేరినవాళ్లు ఏమంటున్నారో వెతకడం మొదలుపెట్టాను. నాలాగా బోల్తాపడినవాళ్లు చాలామందే ఉన్నారని తెలిసి కాస్త ఊరటగా అనిపించింది.

1980ల్లో అమెరికాలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో జాన్ కారల్ అనే ఆయన, ఆఫీసుల్లో టైపు చేసే ఉద్యోగులు కొత్తగా కంప్యూటర్ నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని గమనించాడు. వాళ్ల ముందు లావుపాటి మాన్యువల్ పెడితే చదవలేదు. నేరుగా పనిలోకి దిగారు, తప్పులు చేశారు, ఆ తప్పుల్లోంచి బయటికి రాలేక ఇరుక్కున్నారు. అందుకని ఆయన బృందం మాన్యువల్‌ను బాగా కుదించి, అసలు పనికొచ్చేదే ఉంచి, తప్పు చేస్తే ఎలా బయటపడాలో అందులో చేర్చింది. ఇంకో అడుగు ముందుకేసి, కొత్తవాళ్లను ముంచే బటన్లు పనిచేయకుండా ఆపేసిన సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. పిల్లల సైకిల్‌కు వెనక రెండు చిన్న చక్రాలుంటాయి చూడండి, అలాగన్నమాట. వాటితో జనం త్వరగా నేర్చుకున్నారు.

మన దగ్గర ఐఐటీ బాంబేలో ‘స్పోకెన్ ట్యుటోరియల్’ అని ఓ ప్రాజెక్టు ఉంది. కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య ఆధ్వర్యంలో మొదలైంది. ఉచిత సాఫ్ట్‌వేర్లను నేర్పించే పొట్టి పాఠాలు. ఒక్కోటీ పది నిమిషాలకు అటూఇటూ. టీచరు లేకుండా ఎవరికివారే నేర్చుకోవాలన్నది షరతు. తెరలో సగం పాఠం, సగం పని... చూస్తూ చేయాలి, చేస్తూ చూడాలి. రికార్డింగుకు ముందే స్క్రిప్టు రాస్తారు. ఓ పక్క తెర మీద ఏం కనిపించాలి, ఇంకో పక్క ఏం మాట్లాడాలి. ఆ స్క్రిప్టును ఆ సాఫ్ట్‌వేర్ ముక్క కూడా తెలియని కొత్తవాళ్ల చేత చేయించి చూస్తారు. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ స్క్రిప్టు తప్పన్నమాట. నేను వీధరుగు మీద చేసింది అదే. కాకపోతే ముందు చేయాల్సింది చివర్లో చేశాను.

అందులో నాకు నచ్చిన తెలివైన పని ఇంకోటుంది. ఆ పాఠాలకు తెలుగుతో పాటు పలు భారతీయ భాషల్లోనూ గొంతు ఇస్తారు. తెర మీది మాటలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంచుతారు. రేపు ఉద్యోగంలో కనిపించేది ఆ ఇంగ్లిష్ బటనే కదా! మన అమీర్‌పేట కోచింగ్ సార్లు ఎప్పట్నుంచో చేస్తున్నదీ అదే. వివరణ తెలుగులో, బటన్ పేరు ఇంగ్లిష్‌లో. నేను సరిగ్గా తిరగేసి చేశాను. తెర మీద ‘సెండ్’ అని ఉంటే ‘ప్రేషించు’ అన్నాను. మామూలు తెలుగులో చెప్పాల్సిన చోట ‘టాప్ రైట్ కార్నర్’ అన్నాను.

ఇక నిడివి సంగతి. ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో పరిశోధకులు ఓ సంగతి తేల్చారు. వీడియో ఎంత పొడవున్నా జనం నిలబడి చూసేది మహా అయితే ఆరు నిమిషాలు. నా వీడియోలో ఆరో నిమిషానికి నేనింకా ‘యూనికోడ్ చరిత్ర’ చెబుతున్నాను!

మళ్లీ మొదట్నుంచి

రెండోసారి కంప్యూటర్ ముట్టుకోలేదు. ముందు కాగితం తీసుకున్నాను. ఒక పాఠం, ఒక పని. ‘యాప్ తెరవడం’ ఒకటి, ‘ఫొటో పెట్టడం’ ఒకటి, ‘పంపిన వార్త వెళ్లిందో లేదో చూడటం’ ఒకటి. అన్నీ రెండు మూడు నిమిషాల ముక్కలే. మొత్తం తొమ్మిది. ఇలా ముక్కలు చేయడంలో ఇంకో లాభం కూడా ఉందని తర్వాత తెలిసింది. యాప్ కొత్త వెర్షన్లో ‘సెండ్’ బటన్ కింద నుంచి పైకి వెళ్లిపోయింది. పాత పద్ధతైతే 42 నిమిషాలూ మళ్లీ రికార్డు చేయాల్సిందే. ఇప్పుడు ఒక్క ముక్క మారిస్తే సరిపోయింది.

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘డెవలపర్ ఆప్షన్స్’ అని ఓ మూల ఉంటుంది. అందులో ‘షో ట్యాప్స్’ ఆన్ చేస్తే మన వేలు తాకిన చోట తెల్లటి చుక్క కనిపిస్తుంది. దయ్యం వదిలింది! ప్రతి పని తర్వాత వీడియోను రెండు క్షణాలు ఆపి, ‘ఇప్పుడు మీరు చేసి రండి’ అన్నాను. మూడు గీతలకు ‘విభూతి రేఖలు’, ఫొటో జతచేసే గుర్తుకు ‘జెమ్ క్లిప్పు’ అన్నాను.

వీడియోతో తీరని సమస్య ఒకటుంది. చూడటం వేరు, చేయడం వేరు. వంటల కార్యక్రమం ఎన్నిసార్లు చూసినా ఉప్పెంతో చేతికి తెలియాలి కదా. అందుకే యాప్ తెరలన్నిటినీ ఫొటోలు తీసి వరుసగా పేర్చాను. బటన్ ఉన్న చోట నొక్కితే తర్వాతి తెర వస్తుంది. చూడటానికి అచ్చం యాప్‌లాగే ఉంటుంది, నిజం యాప్ కాదు. దీన్ని సిమ్యులేషన్ అంటారు. అడోబీ క్యాప్టివేట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇందుకు మూడు దారులున్నాయి... చేసి చూపించేది, దగ్గరుండి చేయించేది, వదిలేసి పరీక్ష పెట్టేది. నాక్కావాల్సింది మధ్యది. డ్రైవింగ్ స్కూలు కారులో పక్కాయన కాళ్ల దగ్గర కూడా బ్రేకుంటుంది చూశారా, అదన్నమాట.

తప్పు బటన్ నొక్కితే ‘తప్పు! మళ్లీ ప్రయత్నించండి’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చేట్టు పెట్టి మాస్టారికి పంపాను. అరగంటలో ఫోన్.

‘‘అమ్మాయ్, పిల్లాడి పలక మీద ఇంటూ కొట్టడం ఎవరైనా చేస్తారు. అది ఎందుకు కాదో, మరి ఏదో చెప్పాలి. లేకపోతే వాడు లెక్క మానేసి నీ మొహం చూడటం మొదలెడతాడు.’’

నిజమే. ఎర్ర అక్షరాలు తీసేశాను. ఒక్కో తప్పు బటన్‌కూ ఒక్కో మాట రాశాను. ‘అది ఫొటో తీసేది. మనకు కావాల్సింది దాని పక్కనున్న జెమ్ క్లిప్పు’ అన్నట్టుగా. సరైన దారికి రాసిన మాటలు రెండు పేజీలైతే, తప్పుదారికి రాసినవి ఏడు పేజీలయ్యాయి. అసలు పాఠం ఆ ఏడు పేజీలే.

ఒక సంగతి మాత్రం పాఠంతో తీరేది కాదు. వెనక్కి నొక్కితే వార్త ఎగిరిపోవడం మాస్టారి తప్పు కాదు, యాప్ తప్పు. నేరుగా వెళ్లి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లతో ఆ లంక గ్రామం కథ చెప్పాను. వాళ్లు మంచివాళ్లు. ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్లకూ తెలియదు. రెండు వారాల్లో యాప్ మారింది. ఇప్పుడు వెనక్కి నొక్కితే రాసింది దానంతటదే ‘డ్రాఫ్ట్స్’లోకి చేరుతుంది. అప్పటిదాకా ‘ముందు నోట్స్‌లో రాసుకోండి, తర్వాత కాపీ చేయండి’ అన్నదే మొదటి పాఠంగా పెట్టాం. ఇన్‌ఛార్జిని బతిమాలి గడువు నెల పెంచుకున్నాను. లిస్టు వెనక్కి ఇచ్చేయమన్నాను. ఆయన ఏమనుకున్నారో గానీ ఇచ్చేశారు.

ఫ్యాన్ ఆపిన మధ్యాహ్నం

తప్పు నొక్కినప్పుడు వినిపించే ఆ మాటలకు ఎవరి గొంతు పెట్టాలి? నాదే పెట్టాను మొదట. విని చూస్తే ఏదో బ్యాంకు కస్టమర్ కేర్ వాళ్లు మాట్లాడుతున్నట్టుంది. అప్పుడు తట్టింది... ముప్ఫయ్యేళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్న గొంతు ఒకటి దివిసీమలో ఉంది కదా!

మళ్లీ వెళ్లాను. తలుపులు వేశాం. కిటికీలకు దుప్పట్లు కట్టాం. చప్పుడు రాకుండా ఫ్యాన్ ఆపాం. ఆ ఎండల్లో దివిసీమలో ఫ్యాన్ ఆపడమంటే ఏంటో అక్కడివాళ్లకే తెలుస్తుంది. ఓ వాక్యం పూర్తవుతుందనగా కాకి అరిచేది. ఇంకో వాక్యంలో పాలవాడు బెల్లు కొట్టాడు. మూడు గంటల్లో ఇరవై ఆరు మాటలు రికార్డు చేశాం. మాస్టారి బనీను తడిసి ముద్దయింది. రాసిచ్చిన మాటలు చదవమంటే చదివారు గానీ, చివర్లో తనది ఒకటి కలిపారు. నేను రాయనిది.

‘‘ఏమీ పోలేదు... వెనక్కి రండి.’’

దాన్నే అన్నిటికీ ముందు పెట్టాను. ఎవరు ఏ తప్పు నొక్కినా మొదట వినిపించేది ఆ మాటే.

రికార్డింగు అయ్యాక తలుపులు తీశాం. మజ్జిగ తాగుతూ, ఆ లిస్టు సంగతి చెప్పేశాను. ‘‘మొదటి పేరు మీదే రాశాను మాస్టారూ’’ అన్నాను. ఆయన కాసేపు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. ‘‘నేనూ రాశానమ్మాయ్... చాలామంది పిల్లల్ని, వీడికి రాదని. ట్యూషన్ మాన్పించేయమని వాళ్ల నాన్నలకు చెప్పాను కూడా. వాళ్లలో ఒకడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. కనిపిస్తే దండం పెడతాడు. నాకే తలెత్తాలనిపించదు’’ అన్నారు. అంతకుమించి ఇద్దరం ఏమీ అనుకోలేదు.

ఎనిమిది, రెండు, ఒకటి

పదకొండు మందిలో ఎనిమిది మంది నేర్చుకున్నారు. ఇద్దరు ‘మాకు వద్దులే’ అని వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు. ఇంకొకాయన... ఆయన గురించి రాయడానికే ఇంతసేపూ తటపటాయించాను. లిస్టు వెనక్కి తీసుకునేలోపే ఎవరో ఆయనకు ఫోన్ చేసి ‘మీ పేరు తీసేస్తున్నారట’ అన్నారు. అంతే, ఆయన ఇక వార్త పంపలేదు. నేను ఫోన్ చేస్తే, ‘‘ఫర్వాలేదు మేడమ్, నాకూ వయసైంది’’ అన్నారు. ఆయన వయసు మాస్టారి కన్నా నాలుగేళ్లు తక్కువ. ఆయన వీధరుగు దాకా నేను వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏమయ్యేదో తెలీదు. తప్పు బటన్‌కు ఏడు పేజీలు రాసినదాన్ని, ఆ లిస్టులో రాసిన పేరుకు మాత్రం వెనక్కి వచ్చే దారి పెట్టలేకపోయాను.

ఇప్పుడు మా ఇంట్లో అమ్మ కరెంటు బిల్లు ఫోన్లో ఎలా కట్టాలని అడిగితే, ‘ఇలా ఇవ్వు, నేను కట్టేస్తా’ అని లాక్కోవడం మానేశాను. పక్కన కూర్చుని ఊరుకుంటాను. ఆమె వేలు గాల్లో ఆగినప్పుడల్లా అక్కడ ఏదో సరిగా చెప్పలేదని అర్థం. మీ ఇంట్లోనూ అలా గాల్లో ఆగే వేళ్లు ఉండే ఉంటాయి. అమ్మదో, నాన్నదో, అత్తగారిదో. ఒకసారి నోరు మూసుకుని చూడండి. చాలా కష్టం, ముందే చెబుతున్నాను.

ఆ లంక గ్రామం నీళ్ల వార్త చివరికి జిల్లా పేజీలో వచ్చింది. మాస్టారే మళ్లీ వెళ్లి, అందరితో మళ్లీ మాట్లాడి రాశారు. రాత్రి ఎనిమిది నలభైకి యాప్‌లో వచ్చింది. ఓ ఒత్తు తప్పు, రెండు చోట్ల ఫుల్‌స్టాపుల్లేవు. డెస్కులో దిద్దారు.

మొన్న ఇంకో మండలం కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. పాతికేళ్ల కుర్రాడు. యాప్ అతనికి కొట్టినపిండి. అయినా ఆ ప్రాక్టీసు పాఠం ఇంకా ఫోన్లో ఉంచుకున్నాడట. ఎందుకని అడిగాను.

‘‘రోజంతా అందరూ తిడతారు మేడమ్. రాత్రి ఒకసారి తెరిచి కావాలనే తప్పు నొక్కుతా. ఆ పెద్దాయన ‘ఏమీ పోలేదు... వెనక్కి రండి’ అంటారు కదా. అది విని పడుకుంటా’’ అన్నాడు.